మబ్బు పట్టిన నీళ్లు

మా సైనిక్‌పురి దారిలో కొత్తగా ఒక సిగ్నల్ పెట్టారు. రోడ్డు తవ్వకాల మధ్య స్తంభానికి చోటు దొరకలేదో ఏమో, మూడు దీపాలనూ నిలబెట్టకుండా అడ్డంగా పడుకోబెట్టారు. సైనిక్‌పురిలో ఉంటానంటే కొత్తవాళ్లు నన్ను కాస్త మర్యాదగా చూస్తారు. నేను సైనికుణ్ని కాను, ఒక సైనికుడి మేడ మీద అద్దెకుండేవాణ్ని. నేను చేసిన యుద్ధమల్లా నీళ్ల ట్యాంకరుతోనే. మొన్న పొద్దున, మంచు ఇంకా విడవకముందు, ఆ పడుకున్న దీపాల కింద బండి ఆపి అలాగే ఉండిపోయాను. పచ్చదీపం వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. వెనక ఆటో అతను హారన్ కొట్టీ కొట్టీ విసిగి, “ఏం సారూ, ఇంకో మంచి రంగు వస్తదని సూస్తున్నవా?” అన్నాడు.

నేను చూస్తున్నది రంగును కాదు, మా అన్నను. ఆయన పోయి ఏడాది దాటింది. ఉండి ఉంటే, పాత స్కూటర్ మీద ఈ దారిన వచ్చి ఉంటే, ఆ సిగ్నల్ దగ్గర సాయంత్రం దాకా నిలబడేవాడు. ఎరుపూ ఆకుపచ్చా ఆయన కంటికి ఒకటే. పైది వెలిగితే ఆగాలి, కిందది వెలిగితే పోవాలి, ఆయన ట్రాఫిక్ శాస్త్రమంతా అంతే. దీపాలు పడుకున్నాయంటే ఆయన లోకం లేవలేదన్నమాటే.

అన్న అంటే తోడబుట్టిన అన్న కాదు, తోడు కూర్చున్న అన్న. మా ఇద్దరిదీ వాన లెక్కలు రాసే ఒక చిన్న విభాగం. ఏ మండలంలో ఎంత వాన పడిందో పొద్దున్నే ఫోన్లలో చెప్తే రాసుకుని పైకి పంపడం మా పని. ప్రభుత్వంలో ఇంతకంటే నిర్మలమైన కొలువు ఉంటుందనుకోను. వాన ఎవరికీ లంచం ఇవ్వదు. ఇచ్చినా తడిసిన నోట్లు ఎవరు తీసుకుంటారు? ఎండాకాలమంతా ‘నిల్’ అని రాసి రాసి మా చేతులు శుభ్రంగానే ఉండేవి. నేను ఒకసారి ఆ శుభ్రతను నా గుణంగా చెప్పుకోబోతే అన్న నవ్వాడు.

“మనం నీతిమంతులం కాదు తమ్మీ. మనల్ని ఎవ్వరు అడగలే, గంతే.”

ఆయన సన్నగా, పొడుగ్గా, మెడ దాకా గుండీలు పెట్టుకుని, తల కాస్త ఎడమకు వాల్చి ఉండేవాడు. ఎవరైనా ముఖ్యమైన మాట చెప్పబోతే వెంటనే కళ్లజోడు తీసి జేబులో పెట్టుకునేవాడు. మొదట్లో నాకది అవమానంగా తోచింది, నా ముఖం చూడటం ఇష్టం లేదేమో అని. (నా ముఖం అలాంటిదే కాబట్టి ఎక్కువ బాధపడలేదు.) తర్వాత తెలిసింది, జోడు ఉంటే తనకు సరిగ్గా వినపడదట. “కండ్లు మస్తు లొల్లి చేస్తయి తమ్మీ. వాటిని జెర పక్కకు కూసోబెడితే చెవులు పని షురూ చేస్తయి.” మౌలాలి రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి. ఆఫీసు కిటికీలోంచి దూరంగా రైలు కూత వినిపిస్తే ఫోను పక్కన పెట్టి, “గూడ్సు. ఖాళీగ పోతున్నది” అనేవాడు. ఎలా తెలుసన్నా అంటే, “నిండుగ ఉన్నది గిట్ల నవ్వుకుంట పోతదా?”

రైలింజను నడపాలని ఆయన కోరిక. తండ్రి ఇంజన్ల షెడ్డులోనే పనిచేశాడు. కొడుకు ఇంజనెక్కి ఇంటి ముందు నుంచి కూత వేస్తూ పోతాడని క్వార్టర్లన్నీ ఎదురుచూశాయి. పరీక్ష రాశాడు, పాసయ్యాడు. వైద్య పరీక్షలో డాక్టరు ఒక చుక్కల బొమ్మ చూపించి, అందులో ఏ అంకె ఉందో చెప్పమన్నాడు.

“అందరికి అంకె కనవడ్డది, నాకు చుక్కలు కనవడ్డయి.”

ఈ మాట చెప్పినప్పుడల్లా మొదటిసారి చెప్పినట్టే చెప్పేవాడు. ఇంజను ఉద్యోగం ఆ చుక్కల్లోనే పోయింది. ఆకాశంలో చుక్కల్ని చూసి అంకె చెప్పమంటే ఎవరు మాత్రం చెప్పగలరు? ఆయన ఇంటికి వచ్చి ఆ రాత్రి డాబా మీద పడుకుని, నిజం చుక్కల్లో వెతికాడట. అక్కడా అంకె లేదట.

అప్పటి నుంచి ఆయనకు ఒక అలవాటు పట్టుకుంది. రంగులు కనిపించకపోతే పోయాయి, వినిపిస్తాయేమోనని కనపడ్డవాళ్లనల్లా అడిగేవాడు. నేను కొత్త చొక్కా వేసుకువస్తే బట్టను వేళ్ల మధ్య నలిపి, “ఇదేం రంగు తమ్మీ?” అనేవాడు. వంకాయ రంగన్నా అంటే ఊరుకునేవాడు కాదు. “రంగు పేరు కాదు, ఎట్లుంటది చెప్పు.” నేను తెల్లముఖం వేసేవాణ్ని. ఆ రంగు ఒక్కటే ఆయనకు చెప్పకుండా తెలిసేది. క్యాంటీన్ వంటాయన ఎరుపు అంటే ఎట్లుంటదో చెప్పాడు: “కళాయిల మిరపకాయలేసినంక ముఖం అవతలికి తిప్పుకుంటం గద, గట్లుంటది.” వదిన చిలకపచ్చను ఇంకా బాగా చెప్పిందట: “అప్పుడే స్నానం చేసొచ్చి, తల తుడుసుకోకుంట నిలవడ్డ పిల్ల లెక్క.” ఇలా మనుషుల దగ్గర అడిగి తెచ్చుకున్న రంగులతో ఆయన లోకానికి సున్నం వేసుకున్నాడు. ఆ లోకంలో ఒక్క గోడ మాత్రం బోసిగా మిగిలిపోయింది. గులాబీ రంగు ఎట్లుంటదో ఆయనకు నచ్చేట్టు ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ రంగే ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది.

లంచం తీసుకునే అధికారులను వల పన్ని పట్టుకునే శాఖ ఒకటుంది కదా. వాళ్లు వెళ్లే ప్రతి పనికీ ఇద్దరు సాక్షులు కావాలి. ఆ ఇద్దరూ ఏ సంబంధమూ లేని వేరే శాఖ ఉద్యోగులై ఉండాలి. కాగితాల్లో మమ్మల్ని మధ్యవర్తులు అంటారు. పెళ్లి కుదిర్చే మధ్యవర్తికి కనీసం భోజనమైనా పెడతారు. మాకు అదీ లేదు. వానాకాలం కాని రోజుల్లో మాకంటే ఖాళీ ప్రభుత్వోద్యోగులు జంటనగరాల్లో దొరకరని ఎవరు చెప్పారో గాని, ఒకరోజు పొద్దున మమ్మల్నిద్దర్నీ రమ్మని కబురొచ్చింది.

ఫిర్యాదు చేసినామె బోయిన్‌పల్లి మార్కెట్లో కొత్తిమీర, పుదీనా టోకుగా అమ్మే మనిషి. ఏదో నిబంధన పేరు చెప్పి ఒక అధికారి ఆమె సరుకు గదికి తాళం వేసి సీలు వేశాడు. సీలు తీయాలంటే చేయి తడపాలన్నాడు. ఇనుము అమ్మేవాడైతే కోర్టుకు పోయి ఏడాది ఆగగలడు. కొత్తిమీర మధ్యాహ్నం దాకా కూడా ఆగదు. ఆ సంగతి తెలిసే ఆయన ఆకుకూరల వాళ్ల గదులకే సీలు వేసేవాడట. ఆమె అప్పటికే ఒకసారి ఇచ్చుకుంది. రెండోసారి ఇవ్వడానికి బదులు ఫిర్యాదు ఇచ్చింది.

పద్ధతి ఇదీ. ఆమె ఇవ్వబోయే నోట్లకు కంటికి ఆనని తెల్లపొడి రాస్తారు. ఆ పొడి అంటిన చేతిని సోడా కలిపిన నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు మారతాయి. పసుపూ సున్నం కలిస్తే దిష్టి నీళ్లు ఎర్రబడతాయే, అలాగ. దిష్టి నీళ్లు ఎదుటివాళ్ల కన్ను సంగతి చెప్తాయి, ఇవి మన చేతి సంగతి చెప్తాయి. ఆమెతో పాటు చుట్టంలా లోపలికి వెళ్లి అక్కడ జరిగే మాటలు వినడం అన్న పని. ఆమె కొంగుతో నుదురు తుడుచుకోగానే ఇన్‌స్పెక్టర్‌తో పాటు లోపలికి పరిగెత్తడం నా పని. వినే పని వినగలవాడికీ, పరిగెత్తే పని పరిగెత్తలేనివాడికీ పడ్డాయి.

నేను ఆయాసపడుతూ చేరేసరికి ఆ అధికారి కుర్చీలోనే ఉన్నాడు. తెల్లగా, చక్కగా, పెళ్లిలో పెద్దమనిషిలా ఉన్నాడు. రెండు గాజు గ్లాసుల్లో తేట నీళ్లు పెట్టి ఆయన చేతులు ఒక్కొక్కటే ముంచమన్నారు. ఎడమ చేతి గ్లాసు ఊరికే ఉండిపోయింది. కుడి చేతి గ్లాసులో వేళ్ల చివర్ల నుంచి సన్నటి దారాలుగా రంగు దిగింది. చూస్తుండగానే చీరల దుకాణంలో రాణి కలర్ అంటారే, అదంతా గ్లాసులో పరుచుకుంది. అంత అందమైన రంగు అలాంటి చోట చూస్తాననుకోలేదు. ఆ గదిలో ఒక్క క్షణం అందరం తప్పూ ఒప్పూ మరచి దాన్నే చూశాం. చేతులు ముంచినాయనతో సహా.

“పింక్. చూశారుగా ఇద్దరూ? పింక్,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

నేను తలూపాను. తలూపడం నాకు ఉద్యోగంతో పాటు వచ్చింది. అన్న వంగి గ్లాసును చాలాసేపు చూశాడు. జోడు తీశాడు, పెట్టుకున్నాడు. అందరూ ఎదురుచూస్తున్నారు. పెన్ను ఆయన చేతిలో పెట్టారు. సంతకం చేశాడు.

తిరిగి వస్తున్నప్పుడు బస్సులో చాలాసేపు కిటికీలోంచి చూసి, అప్పుడన్నాడు. “తమ్మీ, నీళ్లు మారినయి. అది పక్కా. తేటగున్నయి, మబ్బు పట్టినయి. గంతే కనవడ్డది నాకు.”

“మరి గులాబీ అని సంతకం చేశావు?”

“అందరు గులాబీ అన్నంక నేనొక్కన్నే మబ్బంటే ఏం బాగుంటది?”

మన దగ్గర లంచం కంటే ఎక్కువమందికి సోకిన జబ్బు ఈ మొహమాటం. దానికి పొడులు లేవు, గ్లాసులు లేవు.

తర్వాత కేసు కోర్టుకెక్కింది. వాయిదాలు మొదలయ్యాయి. వాన లెక్కలు రాసేవాళ్లం కాబట్టి ఎదురుచూడటం మాకు కొత్త కాదు. కోర్టు ఆవరణలో ఒక నిద్రగన్నేరు చెట్టు ఉండేది. పేరుకు తగ్గట్టే దాని కింద కూర్చున్నవాళ్లందరూ సగం నిద్రలో ఉండేవాళ్లు. వకీళ్లు, కక్షిదారులు, పోలీసులు, పల్లీలమ్మే మనిషి, అందరి కళ్లూ మూతలు పడుతుండేవి. ఈదురుగాలికి దాని గులాబీ కుచ్చుల పూలు రాలి మా భుజాల మీద పడేవి. అన్న ఒకటి తీసి చెంపకు రాసుకుని, “పువ్వేనా ఇది? నాకు ఆకుల్ల కలిసిపోయింది,” అనేవాడు. ఆ చెట్టు కిందికే కొత్తిమీరామె కూడా వచ్చేది. వచ్చిన ప్రతిసారీ ఆమెది ఒకటే మాట.

“అన్నా, కేసు కొట్టేస్తే ఆయన మల్ల మా మార్కెట్‌కే వస్తడట. ఇప్పుడే ఆయన మనుషులు మా దుకాణం ముంగట నిలవడి నవ్వుతున్నరు. మస్తు తక్లీఫైతున్నది. నువ్వొక్కడివే లోపట ఆయన మాట విన్నోడివి. నీ మీదనే ఉన్నది.”

నిజమే. నా సాక్ష్యం ముందే అయిపోయింది. గులాబీ అన్నాను, అయిదు నిమిషాల్లో దింపేశారు. నాది నంజుకునే పచ్చడి, ఆయనది అన్నం. అడిగి తీసుకున్నాడని విన్నవాడు చెప్తేనే నేరం నిలబడుతుంది. నీళ్ల రంగు దానికి తోడు మాత్రమే. కానీ ఆ రంగు దగ్గర ఈయన అబద్ధం సంతకం చేశాడని తేలితే, విన్న మాటను మాత్రం ఎవరు నమ్ముతారు?

సాక్ష్యం చెప్పాల్సిన రోజు తెల్లవారకముందే ఫోన్ చేసి మౌలాలి గుట్ట ఎక్కుదాం రమ్మన్నాడు. మెట్లెక్కడం నాకు ఎలాంటిదో ఆ మెట్లకే తెలుసు. నాలుగు మెట్లకోసారి ప్రకృతిని ఆరాధించే నెపంతో ఆగుతూ పైకి చేరాను. కింద అంతా మంచు. పట్టాలు కనిపించడం లేదు గాని రైలు ఒకటి మంచు కింద నుంచి, నిద్రలో పక్కకు ఒత్తిగిల్లిన మనిషిలా కదిలిపోయింది. గుట్ట మీది దర్గా వైపు నుంచి సాంబ్రాణి వాసన వస్తోంది. అన్న జోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

“గులాబీ ఎట్లుంటది తమ్మీ? ఇయ్యాలన్న చెప్పు.”

నేను ఆలోచించాను. ఆయాసంలో వచ్చే ఆలోచనలు ఎక్కువ దూరం పోవు. “తెలుపుకు సిగ్గేస్తే గులాబీ అన్నా,” అన్నాను.

ఆయన చాలాసేపు ఆ మాటను నోట్లో వేసుకున్న పటికబెల్లంలా ఉంచుకున్నాడు. “బాగున్నది. అంటే ఆ దినం సిగ్గు ఆఫీసరుకు రాలే, నీళ్లకొచ్చిందన్నట్టు.”

“అదే చెప్పెయ్ అన్నా కోర్టులో. గులాబీ అనెయ్. అబద్ధమేం కాదు కదా.”

“నిజమే. కాని అది నీ నిజం, నాది కాదు.”

“ఎవరిదైతే ఏం?”

“గట్లెట్ల? మనం ఆయన్ను కోర్టుకు ఎందుకు గుంజినం? సర్కారు కుర్సీల కూసోని చెయ్యరాని పని చేసిండని. నేను సుత సర్కారు కుర్సీల కూసున్నోన్నే. సూడంది సూసిన్నని సంతకం పెట్టిన. ఆయన చేతికి పొడి అంటింది, నా చేతికి సిరా అంటింది. నాది ఏ నీళ్లల్ల ముంచాలె?”

“నువ్వు ఆ మాట అంటే కేసు పోతుందన్నా. ఆ వకీలు నిన్ను ఉతికి ఆరేస్తాడు. ఆమె గతేమిటి?”

“గదే నా పరేషాన్. గందుకే నిద్ర పట్టలే.”

మంచు కొంచెం విడిచింది. తూర్పున రంగులు మొదలయ్యాయి. ఆయన వాటిని చూడలేదు. కింద పట్టాల వైపు చెవి పెట్టి కూర్చున్నాడు. నేను మరోసారి, ఈసారి కాస్త గట్టిగానే, గులాబీ అని చెప్పమన్నాను. సలహాలివ్వడంలో నేను ధారాళమైన మనిషిని. ఆయన లేచి మెట్ల వైపు నడిచాడు. గుట్ట దిగాక కూడా ఏం చెప్పబోతున్నాడో నాకు తెలియదు. కోర్టు మెట్లెక్కేదాకా ఆయనకూ తెలియదనుకుంటాను.

బోనులో నిలబడ్డాక అంతా సజావుగానే మొదలైంది. ప్రభుత్వ వకీలు అడిగాడు, ఈయన చెప్పాడు. చివరికి ఆ ప్రశ్న వచ్చింది.

“చేతులు ముంచినప్పుడు నీళ్లు ఏ రంగుకు మారాయి?”

కొత్తిమీరామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్న తల ఎడమకు వాలింది.

“సార్, నాకు ఎరుపుకు పచ్చకు ఫరక్ తెల్వది. పుట్టినప్పటి సందే గంతే. గులాబీ అంటే ఏందో నేనెన్నడు సూడలే. నీళ్లు మాత్రం మారినయి. తేటగున్న నీళ్లు మబ్బు పట్టినయి. పక్కనున్నోళ్లు గులాబీ అన్నరు, నేను సంతకం పెట్టిన. అది నా తప్పు. దానికి ఏం శిక్ష ఉంటే అది వెయ్యుండ్రి.”

ప్రభుత్వ వకీలు ముఖం, రంగుల సంగతి నాకు తెలుసు గనక చెప్తున్నాను, ఒకేసారి మూడు రంగులకు తిరిగింది. అవతలి వకీలు లేచాడు. ఆయన కుడి చేయి గౌను జేబులో ఏదో పట్టుకుని ఉంది. ఆ చేయి అలాగే ఉండిపోయింది. కాసేపటికి ఖాళీగా బయటికి వచ్చింది.

“అంటే చూడనిది చూసినట్టు సంతకం చేసే అలవాటుందన్నమాట మీకు?”

“అలవాటు కాదు సార్. ఆ ఒక్కటే.”

“అయితే విన్నానని చెప్పింది కూడా పక్కవాళ్లు చెప్పిందేనా?”

“పక్కన ఎవ్వరు లేరు సార్. ఆయమ్మ, నేను, ఆయన. గంతే.”

“ఏం విన్నారు?”

అన్న కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇన్నేళ్ల తర్వాత, ఆ గదిలో, ఆ అధికారి గొంతుతోనే, ఆ తీపితోనే, ఉయ్యాల ఊపుతున్నట్టు అన్నాడు: “ఆకుకూరకు ఓపిక ఉండదమ్మా. నువ్వు ఆగినా అది ఆగదు గదా. తెచ్చినవా మరి?”

ఆ మాట తర్వాత చిన్నగా ఒక నవ్వు కూడా ఉంది. అదీ నవ్వాడు. అంతే, కొత్తిమీరామె తాళం వేసిన గది ముందు అప్పుడే నిలబడ్డట్టు బావురుమంది. అందరం తలలు తిప్పి, బోనుకు అవతల చేతులు కట్టుకుని నిలబడ్డ ఆ పెద్దమనిషి వైపు చూశాం. ఆయన కట్టుకున్న చేతులు విప్పి, వెనక్కి పెట్టుకున్నాడు.

బయట నిద్రగన్నేరు కింద టీ తాగుతుంటే అవతలి వకీలు మా దగ్గరికి వచ్చాడు. పెద్ద మనసున్నవాడే అనుకుంటాను, లేదా ఓడిపోయే కేసులు గుర్తుపట్టగల అనుభవజ్ఞుడు. గౌను జేబులోంచి రెండు గాజులు తీశాడు. “ఇవి మీకోసమే తెచ్చాను. ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది. మీరు గులాబీ అనగానే ఈ రెండూ పట్టుకుని, ఏది ఏదో చెప్పమని అడుగుదామనుకున్నాను. మీరు అందర్నీ రంగులు అడుగుతుంటారని మీ క్యాంటీన్ దాకా పోతే తెలిసింది.”

నా టీ అడ్డం తిరిగింది. పొద్దున గుట్ట మీద నేనిచ్చిన ఉచిత సలహా అక్కరకు వచ్చి ఉంటే, ఆ గాజులతో పాటు కేసూ పగిలిపోయేది. అన్న మాత్రం గాజులు రెండూ చేతిలోకి తీసుకుని, ఒకదానికొకటి తాకించి విన్నాడు. “మంచిగున్నయి సార్. ఇంట్ల మేడమ్‌కిచ్చేయుండ్రి,” అని తిరిగి ఇచ్చేశాడు.

తీర్పు వానాకాలంలో వచ్చింది. విన్న మాట నిలబడింది. ఆ అధికారికి జైలు శిక్ష పడింది, ఉద్యోగం పోయింది. ఆ తర్వాత కొన్నాళ్లకు అన్నకు కూడా ఆఫీసులో మెమో ఇచ్చారు. చూడనిది చూసినట్టు ధ్రువీకరించినందుకు ఒక ఇంక్రిమెంటు కోశారు. నేను ఆవేశపడి, ఇదెక్కడి న్యాయం, పైకి రాద్దాం అన్నాను. (నేను పైకి రాసేది వాన లెక్కలు మాత్రమేనని అందరికీ తెలుసు.) ఆయన ముఖంలో చాలా ఏళ్లుగా మోస్తున్నది దించుకున్న తేలిక కనిపించింది. “ఊకో తమ్మీ. ఆయనది ఆయనకు వడ్డది, నాది నాకు వడ్డది. లెక్క సాఫ్,” అని ఫోనెత్తి, ఏదో మండలంలో పడ్డ వాన రాసుకోవడం షురూ చేశాడు. బయట కూడా సన్నగా జల్లు పడుతోంది.

ఆ సంగతి ఎవరు చేరవేశారో గాని, ఆ మధ్యాహ్నమే కొత్తిమీరామె మా ఆఫీసుకు వచ్చింది. తడిసిన గోనెసంచి ఒకటి తెచ్చి అన్న బల్ల పక్కన పెట్టింది. గది మొత్తం కొత్తిమీర వాసన. వాన లెక్కలు రాసే గదికి ఎప్పుడూ రాని వాసన అది.

“అన్నా, నీ ఇంక్రిమెంటు కోసిండ్రట గద? నా తాన ఇంకేమున్నది? ఇది తీస్కో. వదినకియ్యి.”

అన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “తీస్కపో చెల్లె. నేనిది ముట్టరాదు.”

“అయ్యో, కొత్తిమీర అన్నా! కొత్తిమీర లంచమైతదా?”

“నువ్విస్తే, నేను తీస్కుంటే, ఇది ఆఫీసైతే, అయితది.”

“గట్లనా? అయితే కొను!” అంది ఆమె. నడుముకు చేయి పెట్టుకుని నిలబడి, మార్కెట్లో గొంతు తెచ్చుకుంది. “ఎన్ని కట్టలు గావాలె?”

“రెండు. రేటు చెప్పు.”

చెప్పింది. మార్కెట్ ధర కంటే తక్కువ చెప్పిందని ఆయన తగువు పెట్టుకున్నాడు. బోయిన్‌పల్లి చరిత్రలో ధర పెంచమని బేరమాడిన మొదటి మనిషి ఆయనే అయి ఉంటాడు. ఎట్టకేలకు ఇద్దరికీ కుదిరింది. ఆయన డబ్బులిచ్చి, బల్ల సొరుగులోంచి సంచి తీసి పట్టాడు. ఆమె రెండు కట్టలు వేసింది. వేసి, ఇంకో గుప్పెడు పుదీనా తుంచి ఆ సంచి మీదికి చేయి చాపింది.

అన్న సంచి మూతి మూసేశాడు. “ఇదేంది?”

“కొసరన్నా.”

ఆయన నా వైపు తిరిగాడు. నాకు ఈ జన్మలో ఎవరూ అంత గంభీరంగా సలహా అడగలేదు. “కొసరు తీస్కోవచ్చా తమ్మీ?”

గుట్ట మీద ఇచ్చిన సలహా గుర్తొచ్చి నేను నోరు విప్పలేదు. ఆయన ఆమె వైపే తిరిగాడు.

“అందరికి ఏస్తవా?”

“కొన్నోళ్లందరికి ఏస్త. ఎయ్యకుంటే ఊకుంటరా? ఆయన జైలుకెల్లి వచ్చి, పైసలు పెట్టి కొంటే ఆయనకు సుత ఏస్త.”

అన్న కాసేపు ఆలోచించాడు. కిటికీలో వాన కాస్త పెద్దదైంది. సంచి మూతి విప్పి, వెడల్పుగా పట్టాడు.